కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, అయినా పక్షవాతమేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వారికి 39 ఏళ్లు. జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. బీపీ, షుగర్ లేవు. సిగరెట్లు, తాగుడు లేవు. నెలన్నర క్రితం రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చాక మెడ ఎడమ పక్కన, చెవి వెనక నొప్పిగా ఉందన్నారు. ఆ ఆదివారం కటింగ్‌కు వెళ్లి, ఎప్పటిలాగే తల మాలీషు చేయించుకుని మెడ విరిపించుకున్నారు. నొప్పి తగ్గకపోగా పెరిగింది. నేను బామ్ రాసి, దిండు మార్చాను. నాలుగో రోజు పొద్దున లేస్తూనే ఇల్లు గిర్రున తిరుగుతోందంటూ పడబోయారు. ఆగకుండా వాంతులు, వెక్కిళ్లు. గ్యాస్ అనుకున్నాం. మా వీధిలో ఆర్‌ఎంపీ వాంతులకు ఇంజెక్షన్ చేశారు. సాయంత్రానికి గుక్కెడు నీళ్లు తాగినా పొలమారడం మొదలైంది, గొంతు బొంగురుపోయింది. ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీసి ఏమీ లేదన్నారు. మర్నాడు ఎంఆర్‌ఐ తీసి, మెడలో రక్తనాళం చీలి స్ట్రోక్ వచ్చిందన్నారు. డిశ్చార్జి కాగితంలో 'వెర్టెబ్రల్ ఆర్టరీ డిసెక్షన్' అని రాశారు. కాళ్లూ చేతులూ పడిపోకుండా పక్షవాతం ఏమిటని బంధువులు నమ్మడం లేదు. స్నానం చేసేటప్పుడు కుడి పక్క ఒంటికి నీళ్ల వేడి తెలియడం లేదనీ, ముఖం మాత్రం ఎడమ పక్కన మొద్దుబారిందనీ ఈయన అంటే, అదంతా భ్రమ అంటున్నారు. మా ఆడపడుచు భర్త కటింగ్ షాపుకు వెళ్లి గొడవ పడి వచ్చారు. అత్తగారు పసరు మందుకు తీసుకెళ్దామంటున్నారు. స్టెంట్ ఎందుకు వేయలేదు? ఈ మాత్రలు జీవితాంతం వాడాలా? మళ్లీ వస్తుందా? పిల్లలకు వస్తుందా? ఆ రోజు గ్యాస్ అనుకుని పగలంతా పోగొట్టినందుకు నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ స్నానం సంగతి దగ్గర ఆగిపోయాను. ముఖం ఎడమ పక్కన, ఒళ్లు కుడి పక్కన. బంధువులు ఏ మాట విని భ్రమ అంటున్నారో, ఆ ఒక్క మాటతోనే మా లాంటి వాళ్లకు జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. మీ వారు కల్పించి చెప్పడం లేదు, భ్రమ పడడమూ లేదు. ఇలాంటిది కల్పించడం ఎవరి వల్లా కాదు.

మెదడు కింది కొసన, మెడలోకి దిగే చోట, బొటనవేలి కొసంత భాగం ఒకటి ఉంటుంది. దాన్ని మెడుల్లా అంటాం. మింగడం, గొంతు, వెక్కిళ్లు, ఒంటి నిలకడ, వేడి చల్లదనాల తెలివిడి – వీటి తీగలన్నీ ఆ ఇరుకు చోటులోంచే పోతాయి. ఒంటి నుంచి వేడిని మోసుకొచ్చే తీగలు వెన్నుపాములోనే అటు పక్కకు దాటి పైకి వస్తాయి. ముఖం తీగలు మాత్రం అక్కడికి ఇంకా దాటకుండానే వస్తాయి. అందుకే మెడుల్లా ఎడమ పక్కన దెబ్బ తగిలితే ఎడమ ముఖమూ కుడి ఒళ్లూ మొద్దుబారతాయి. జర్మనీకి చెందిన వాలెన్‌బర్గ్ అనే వైద్యుడు 1895లోనే ఈ లక్షణాలను వర్ణించాడు. నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. కాళ్లూ చేతులూ ఆడించే తీగలు మెడుల్లాలో ముందు భాగంలో ఉంటాయి. మీ వారి విషయంలో దెబ్బ పక్క భాగానికి తగిలింది కనుక అవి బతికిపోయాయి. ఇది పక్షవాతమే, అంటే స్ట్రోకే. మూతి వంకరపోయి చేయి వేలాడితేనే పక్షవాతం అని మనం నేర్చుకున్నాం. ఆ నేర్పు సగమే. మీ బంధువులకు ఈ పేరా చదివి వినిపించండి.

ఇక ఆ 'డిసెక్షన్' అనే మాట. ఇంటర్‌లో కప్పను కోసిన పాఠమే గుర్తొస్తుంది కాబట్టి, ఏదో ఆపరేషన్ చేశారనుకుని భయపడేవాళ్లను చూశాను. ఇక్కడ కోసినవాళ్లు ఎవరూ లేరు. ధమని గోడలో మూడు పొరలుంటాయి. లోపలి పొరలో సన్నని చీలిక వస్తే, పారే రక్తం ఆ సందులోకి దూరి పొరల్ని విడదీస్తుంది. పాత ఇంట్లో గోడకు పగులొచ్చి, వాన నీరు దూరి, సిమెంటు పూత లోపలికి ఉబ్బడం మీరు చూసే ఉంటారు. అలాగే ఈ పొర కూడా నాళం లోపలికి ఉబ్బి దారిని ఇరుకు చేస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. చీలిన చోటు గాయం కదా, దాని మీద రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డలోంచి ఒక తునక తెగి ప్రవాహంలో పైకి పోయి, మెదడులో ఒక చిన్న నాళాన్ని మూసేస్తుంది. మెడలో చీలిక వచ్చాక స్ట్రోక్ రావడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, కొన్ని రోజులూ పట్టవచ్చు. మధ్యలో ఉండేది నొప్పి ఒక్కటే. మీ వారికి ఆ నొప్పి నాలుగు రోజులకు పైగానే ఉంది.

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు నాలుగు. మెడ ముందు భాగంలో రెండు కెరోటిడ్ నాళాలు, వెనక భాగంలో రెండు వెర్టెబ్రల్ నాళాలు. వెనకవి మెడ ఎముకలకున్న రంధ్రాల్లోంచి, పూసల్లో దారంలా పైకి పాకి, అన్నిటికన్నా పై ఎముక చుట్టూ మెలిక తిరిగి తల లోపలికి పోతాయి. మనం తల పక్కకు తిప్పినప్పుడు, ఆ తిరుగుడులో దాదాపు సగం పై రెండు ఎముకల మధ్యే జరుగుతుంది. కాబట్టి తలను ఒక్కసారిగా మెలి తిప్పితే అక్కడి నాళం మీద లాగుడు పడుతుంది.

నాళం తల లోపలికి చేరాక చీలితే ఒక్కోసారి గడ్డ కట్టడానికి బదులు రక్తం బయటికి చిమ్ముతుంది. క్రికెట్ చూసేవాళ్లకు ఫిలిప్ హ్యూస్ గుర్తుండే ఉంటాడు. 2014 నవంబరు 25న సిడ్నీలో బౌన్సర్ హెల్మెట్ కింద, మెడ ఎడమ పక్కన తగిలి కుప్పకూలిన ఆస్ట్రేలియా బ్యాటరు. చీలింది వెర్టెబ్రల్ నాళమే. మెదడు చుట్టూ రక్తం చిమ్మి రెండు రోజులకు చనిపోయాడు. 26వ పుట్టిన రోజుకు మూడు రోజుల ముందు. ఇంటర్‌నెట్‌లో ఈ జబ్బు పేరు వెతికితే మీకు ఆ వార్తే ఎదురవుతుంది, అందుకే ముందుగా చెబుతున్నాను. అది చాలా అరుదుగా జరిగేది, బలమైన దెబ్బ తగిలి జరిగింది. మీ వారికి వచ్చింది గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్. ఆ రెండింటి దారులు వేరు, మీ వారి దారి మేలైనది.

ఇప్పుడు కటింగ్ షాపు సంగతి. మెడ విరుపు వల్లే చీలిందా అని అడిగితే, నేను ప్రమాణం చేసి అవునని చెప్పలేను. మెడను విసురుగా తిప్పడానికీ ఈ చీలికలకూ సంబంధం ఉందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ఒక ప్రకటనలో చెప్పింది. అందులోనే ఇంకో మాట కూడా ఉంది. నాళం ముందే కొంచెం చీలి, దానివల్ల మెడ నొప్పి పుట్టి, ఆ నొప్పి పోగొట్టుకోవడానికే మనిషి మెడ విరిపించుకుని ఉండవచ్చు. మీ వారికి షాపుకు వెళ్లక ముందే, సరిగ్గా ఎడమ చెవి వెనకే నొప్పి ఉందని మీరే రాశారు. బస్సు కుదుపుల్లో తల వాలి నిద్రపోయినప్పుడే చీలిక మొదలై ఉండవచ్చు, విరుపు దాన్ని పెంచి ఉండవచ్చు. గట్టిగా తుమ్మినప్పుడూ, విడవకుండా దగ్గినప్పుడూ, చిన్నపాటి ప్రమాదంలో మెడ ఊగినప్పుడూ ఇలా చీలినవాళ్లున్నారు. ఏ కారణమూ దొరకనివాళ్లు చాలామంది ఉన్నారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలోనూ, కొద్ది రోజుల ముందు జలుబు, జ్వరం లాంటి ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లలోనూ ఇది కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ షాపతను కావాలని చేసింది కాదు. తాతల నాటి నుంచి చేస్తున్న పని, పైగా మీ వారు అడిగి చేయించుకున్నది. ఏటా మన రాష్ట్రాల్లో లక్షల మెడలు విరుస్తుంటారు, వాటిలో ఎక్కడో ఒకటి ఇలా అవుతుంది. అందుకే అతనికి తెలియదు. మనకూ తెలియదు. తెలియనప్పుడు గొడవ ఎవరికీ ఉపయోగపడదు. చెప్పడం ఉపయోగపడుతుంది. ఇది మగవాళ్ల షాపులకు పరిమితమైనదీ కాదు. బ్యూటీ పార్లర్‌లో బేసిన్ మీద మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకున్నాక స్ట్రోక్ వచ్చిన ఐదుగురు మహిళల గురించి అమెరికాలో ఒక వైద్యుడు 1993లోనే రాసి, దానికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అని పేరు పెట్టాడు. 2022లో హైదరాబాదులో 50 ఏళ్ల మహిళకు అలాగే జరిగితే పత్రికల్లో వచ్చింది. మీరు పార్లర్‌కు వెళ్తే మెడ కింద మడిచిన తువ్వాలు పెట్టమని అడగండి, మెడ బాగా వెనక్కి వంచనివ్వకండి.

ఇక మీ నిద్ర సంగతి. మీరు దీన్ని చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఉత్తరమంతా రాయించింది మాత్రం అదేననిపించింది.

మెడ నొప్పికి బామ్ రాయడం తప్పు కాదు. వందమందికి మెడ పట్టేస్తే దాదాపు వందమందికీ అది కండరాల నొప్పే. తల తిరిగి వాంతులైతే గ్యాస్ అనుకోని ఇల్లు మన ఊళ్లలో లేదు. పెద్ద ఆస్పత్రుల అత్యవసర విభాగాల్లో కూడా ఈ స్ట్రోక్‌ను మామూలు కళ్లు తిరగడం అనుకుని పంపేసిన సందర్భాలున్నాయి. మీరే రాశారు కదా, సీటీ స్కాన్‌లో ఏమీ కనబడలేదని. మెదడు కింది భాగం చుట్టూ మందపాటి ఎముకలుంటాయి, అక్కడి చిన్న దెబ్బను సీటీ సరిగా పట్టలేదు. ఎంఆర్‌ఐ కూడా మొదటి రోజు తీస్తే ఒక్కోసారి తప్పిపోతుంది. ఇంకొక మాట. గడ్డ కరిగించే ఇంజెక్షన్ స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. మీ వారు నిద్ర లేస్తూనే తూలారు. అది రాత్రి ఏ వేళ మొదలైందో ఎవరికీ తెలియదు. పొద్దున ఎనిమిదింటికే తీసుకెళ్లినా ఆ ఇంజెక్షన్ ఇచ్చే వీలు చాలా ఆస్పత్రుల్లో ఉండేది కాదు. పగలు కొంత పోయిన మాట నిజం. త్వరగా వెళ్లి ఉంటే మింగుడు సంగతి ముందే పసిగట్టి, నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా ఆపేవాళ్లు. అంతకు మించి మీ చేతుల్లోంచి జారిపోయింది లేదు. మీరు ఆ సాయంత్రం ఆస్పత్రికి కదిలారు, రేపు చూద్దామనుకోలేదు. ఆ కదలికే ఆయనను కాపాడింది.

స్టెంట్ ఎందుకు వేయలేదని అడిగారు. గుండె జబ్బుల వల్ల స్టెంట్ అనే మాట అందరి నోటా పడింది, వేయకపోతే వైద్యం పూర్తి కాలేదనిపిస్తోంది. గుండె నాళాల్లో ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వు తనంతట తాను పోదు. ఇది అలా కాదు, గాయం. గాయం మానుతుంది. చీలిన నాళాల్లో ఎక్కువ భాగం మూడు నుంచి ఆరు నెలల్లో తమంతట తామే అతుక్కుంటాయి. పూర్తిగా మూసుకుపోయిన నాళం కూడా చాలామందిలో తెరుచుకుంటుంది. ఒకవేళ తెరుచుకోకపోయినా, కుడి పక్క వెర్టెబ్రల్ నాళం బాగుంటే రెండింటి పనీ అదే చేస్తుంది, ఎందుకంటే పైకి వెళ్లాక ఆ రెండూ కలిసి ఒకే నాళం అవుతాయి. మందులు వాడుతున్నా మళ్లీ మళ్లీ స్ట్రోక్ వస్తుంటే అప్పుడు స్టెంట్ గురించి ఆలోచిస్తారు. పచ్చి గాయంలోకి ఊరికే తీగ దూర్చడం మంచిది కాదు. మీ డాక్టరు వేయకపోవడమే సరైన వైద్యం.

మాత్రలు ఆ గాయం మీద గడ్డ కట్టకుండా చూడటానికే. కొందరికి ఆస్పిరిన్ లాంటివి ఇస్తారు, కొందరికి వార్ఫరిన్ లాంటి గట్టి మందులు ఇస్తారు. పక్క వీధిలో ఎవరికో వేరే మందు ఇచ్చారని పోల్చుకోకండి. బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాల్లో 250 మంది మీద ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూసి 2015లో ఫలితం ప్రకటించారు. మొదటి మూడు నెలల్లో ఆస్పిరిన్ తరహా మందులు వాడిన 126 మందిలో ముగ్గురికి, గట్టి మందు వాడిన 124 మందిలో ఒకరికి మళ్లీ స్ట్రోక్ వచ్చింది. తేడా ఉందని తేల్చడానికి ఆ అంకెలు చాలవు. 2021లో స్విట్జర్లాండ్, జర్మనీ, డెన్మార్క్ కలిసి చేసిన అధ్యయనం, ఆస్పిరిన్ ఏమీ తీసిపోదని రుజువు చేయలేకపోయింది. అందుకని మనిషిని బట్టి, చీలిన చోటును బట్టి డాక్టర్లు ఎంచుకుంటారు. నాకైతే ఆ అధ్యయనాల్లో మందుల మధ్య తేడా కన్నా మరో విషయం పెద్దదిగా కనిపిస్తుంది. ఏ మందు వాడినా మళ్లీ స్ట్రోక్ వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఏ మందు రాశారన్నది కాదు, రోజూ వేసుకుంటున్నారా లేదా అన్నదే మీ ఇంట్లో తేలాల్సిన విషయం.

కాబట్టి జీవితాంతం వాడాలేమోనన్న భయం ఇప్పుడు వద్దు. కనీసం మూడు నుంచి ఆరు నెలలు వాడాలి. తర్వాత మెడ నాళాల స్కాన్ మళ్లీ తీసి, నాళం ఎలా మానిందో చూసి ఆపాలా, తగ్గించాలా అన్నది నిర్ణయిస్తారు. ఈ లోపు ఒక్క రోజు కూడా తప్పకూడదు. పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందు ఈ మాత్రల సంగతి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. మెడ నొప్పి మిగిలి ఉంటే పారాసెటమాల్ వేసుకోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వద్దు. ఈ మందులతో అవి కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

మళ్లీ వస్తుందా? మళ్లీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ, మీరు దాన్ని దాటేశారు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇలాంటి 200 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించి 1994లో రాశారు. మరో నాళం చీలడం మొదటి నెలలో నూటికి ఇద్దరిలో, ఆ తర్వాత ఏడాదికి నూటికి ఒకరిలో కనిపించింది. అంటే మిగతా 99 మంది ఆ ఏడాది హాయిగా గడిపారు. 50 ఏళ్ల లోపు వాళ్లకు వచ్చే స్ట్రోకుల్లో నాలుగైదింట ఒకదాని దాకా ఈ చీలికల వల్లే వస్తుంది. అందుకే బీపీ, షుగర్ లేని మనిషికి స్ట్రోక్ వచ్చిందంటే మేము ముందు మెడ నాళాలనే వెతుకుతాం. కొవ్వు పేరుకుని స్ట్రోక్ తెచ్చుకున్నవాళ్లతో పోలిస్తే వీళ్లు కోలుకునే తీరు నిజంగా బాగుంటుంది.

పిల్లల గురించి దిగులు పడాల్సిన పని చాలావరకు లేదు. పుట్టుకతో నాళాల గోడలు పలుచగా ఉండే జబ్బులు కొన్ని ఉన్నాయి, అవి అరుదు. మీ వారి చర్మం లోపలి నరాలు కనబడేంత పలుచగా ఉంటుందా, చిన్న దెబ్బకే కమిలిపోతుందా, వేళ్లు మామూలు కన్నా వెనక్కి వంగుతాయా, వాళ్ల వైపు దగ్గరి బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులో నాళం పగిలి గానీ, ఉన్నట్టుండి గానీ పోయారా అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి. అలాంటిది ఏదైనా ఉంటే డాక్టరుకు చెప్పండి. లేకపోతే పిల్లలకు పరీక్షలేవీ అక్కర్లేదు.

ఇప్పుడు ఇంట్లో సంగతులు. వీటి మీద మీరు మనసు పెట్టాలి.

అన్నిటికన్నా ముందు మింగడం. గాయం మెడలో ఉన్నా, ప్రాణానికి అసలు ముప్పు పొలమారడం దగ్గరే. మింగినది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. డిశ్చార్జి అయ్యేటప్పుడు స్పీచ్ థెరపిస్టు మింగుడు పరీక్ష చేశారా? చేయకపోతే ఈ వారంలోనే చేయించండి. వీళ్లకు మంచినీళ్లు, మజ్జిగ, చారు లాంటి పలుచని వాటితోనే ఇబ్బంది ఎక్కువ, చిక్కని వాటితో తక్కువ. ఆ పరీక్షలో ఏది ఎంత చిక్కగా ఇవ్వమన్నారో అదే ఇవ్వండి. మెత్తగా పిసికిన పప్పన్నం, గడ్డ పెరుగు, చిక్కని రాగిజావ చాలామందికి సరిపోతాయి. నిటారుగా కూర్చోబెట్టి, టీవీ కట్టేసి, చిన్న చెంచాతో తినమనండి. తింటున్నప్పుడు మాట్లాడించకండి. తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వకండి. దగ్గు రాలేదు కదా అని ధీమా పడకండి, ఈ దెబ్బ తిన్నవాళ్లకు దగ్గు కూడా మొద్దుబారి ఉండవచ్చు. భోజనం తర్వాత గొంతులో గరగర వినిపించినా, సాయంత్రాలు జ్వరం తగిలినా వెంటనే చూపించండి. వెక్కిళ్లు ఇంకా విడవకపోతే వాటికి మందులున్నాయి, ఊరికే భరించనివ్వకండి.

అత్తగారి పసరు మందు దగ్గర మీరు గట్టిగా నిలబడాల్సింది ఇందుకే. ఆవిడ కొడుకు మీద ప్రేమతో అంటున్నారు, ఆ ప్రేమను తప్పు పట్టకండి. కానీ కొన్ని చోట్ల పసరు తాగిస్తారు, కొన్ని చోట్ల ముక్కులో పోస్తారు, తర్వాత నూనెతో మెడ, భుజాలు లాగి తోముతారు. సరిగా మింగలేని మనిషి ముక్కులో పసరు పోస్తే అది పోయేది ఊపిరితిత్తుల్లోకే. మెడ తోమితే మానుతున్న చీలిక మళ్లీ తెరుచుకోవచ్చు. 'చేయీ కాలూ పడిపోతే కదా అత్తయ్యా తోమించడానికి, ఈయనకు పడిపోయింది మింగుడు' అని చెప్పి చూడండి. అర్థమవుతుంది.

స్నానం నీళ్లు ఆయన కుడి చేత్తో చూసుకోకూడదు. ఎడమ చేత్తో చూడాలి, లేదా మీరు చూసి ఇవ్వాలి. కుడి చేతికి వేడి తెలియదు కాబట్టి కాలే టీ గ్లాసును అలాగే పట్టుకుంటారు, బొబ్బలొచ్చాక గానీ తెలియదు. మోటార్‌సైకిల్ సైలెన్సర్ సాధారణంగా కుడి పక్కనే ఉంటుంది. వెనక కూర్చుని దిగేటప్పుడు పిక్క కాలినా తెలియదు, ప్యాంటు వేసుకునే ఎక్కమనండి. నడపడం మాత్రం కనీసం మూడు నెలలు వద్దు. తూలడం, ఒకటి రెండుగా కనిపించడం పూర్తిగా పోయి, డాక్టరు సరే అన్నాకే. వీళ్లు దెబ్బ తగిలిన పక్కకే తూలుతారు, కాబట్టి నడిపించేటప్పుడు మీరు ఆయనకు ఎడమ వైపున ఉండండి. స్నానాల గదిలో ఎడమ గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి వేయించండి.

నడక మంచిది, రోజూ నడవమనండి. బరువులెత్తడం, శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, తల గుండ్రంగా తిప్పే వ్యాయామాలు వద్దు. తలకిందులయ్యే ఆసనాలు నాళం మానాక కూడా వద్దనే నేను చెబుతాను. ఫిజియోథెరపీ నడకకు, నిలకడకు చేయించండి. మెడ లాగడానికి, విరవడానికి ఎవరినీ చేయి వేయనివ్వకండి. మీరు అడగడానికి మొహమాటపడి ఉంటారు గానీ, దాంపత్య జీవితానికి ఇది శాశ్వతమైన అడ్డు కాదు. బీపీ అదుపులో ఉండి, తూలుడు తగ్గితే మొదలుపెట్టవచ్చు. వచ్చేసారి చూపించుకునేటప్పుడు డాక్టరును ఒక మాట అడగమనండి.

గొంతు గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ, పాఠం చెప్పి బతికే మనిషికి అది చిన్న కష్టం కాదు. ఎడమ స్వరతంత్రి కదలిక తగ్గడం వల్ల గొంతు బొంగురుపోతుంది. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి స్వరానికి వ్యాయామాలు నేర్పించండి. నెలలు పడుతుంది, చాలామందిలో బాగా మెరుగుపడుతుంది. నడక అంతకన్నా ముందే కుదురుకుంటుంది. వేడి తెలియకపోవడం అన్నిటికన్నా నెమ్మదిగా తగ్గుతుంది, కొంతమందిలో కొంత మిగిలిపోతుంది కూడా. కాలేజీలో మొదట సగం క్లాసులే తీసుకోమనండి. గొంతు చించుకోకుండా మైకు పెట్టుకుని చెప్పమనండి.

ఇది చదువుతున్న మిగతావాళ్ల కోసం కొంచెం. మెడ పట్టేసిన ప్రతిసారీ భయపడకండి. కానీ మునుపెన్నడూ ఎరగని నొప్పి మెడకో తలకో ఒకే పక్కన పట్టుకుని, దాంతో పాటు కళ్లు తిరగడం, తూలడం, ఒకటి రెండుగా కనబడటం, మాట ముద్దగా రావడం, పొలమారడం – వీటిలో ఏదైనా తోడైతే ఇంజెక్షన్లతో పగలు గడపకుండా 108కు ఫోన్ చేసి, ఎంఆర్‌ఐ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. మెడ ముందు నాళం చీలితే ఆ పక్క కనురెప్ప కొద్దిగా వాలుతుంది, ఆ కంటి పాప చిన్నదవుతుంది, చెవిలో గుండె చప్పుడు వినిపిస్తుంది. అద్దంలో చూసుకుంటే తెలియకపోవచ్చు, ఇంట్లోవాళ్లు గమనిస్తారు. ఆస్పత్రిలో మెడ విరిపించుకున్న సంగతి, ప్రమాదం సంగతి మీరే నోరు విప్పి చెప్పండి. అడగరు చాలామంది.

అమ్మా, మూడు నెలలు నిండాక స్కాన్ తీస్తారు కదా, దాని ఫలితం నాకు రాయండి. ఈపాటికి మీ వారి జుట్టు పెరిగే ఉంటుంది. ఆయనను ఆ షాపుకే పంపండి, మీ ఆడపడుచు భర్తను కూడా వెంట పంపండి. ఏం జరిగిందో షాపతనికి నిదానంగా చెప్పమనండి. కటింగ్ చేయించుకోమనండి, నొసటి మీద, మాడు మీద వేళ్లతో మెల్లగా మాలీషు కూడా చేయించుకోమనండి. తల పట్టుకుని తిప్పబోతే మాత్రం, 'వద్దన్నా, అది ఇక ఎవరికీ చేయకు' అని చేయి పట్టుకుని ఆపమనండి.